75 గళ్లు, 256 కేబీ: షోలాపూర్ నేత వాడ నుంచి కాలేజీ లాగిన్ దాకా

ఆధార్‌కు 12 అంకెలు. చదువుల లెక్క నిలవచేసే అపార్ ఐడీకి మరో 12. ఎంకేసీఎల్ సంస్థ తయారుచేసిన డిజిటల్ యూనివర్సిటీ వ్యవస్థను వాడిన మహారాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థికిచ్చే శాశ్వత నమోదు సంఖ్య, అందరూ పీఆర్ఎన్ అనేది, 16 అంకెలు. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్లో చేసుకునే ఓటీఆర్ నమోదుకు 14. సెల్ నంబరు 10. బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడులో అక్షరాలూ అంకెలూ కలిపి 11. మొత్తం 75 గళ్లు. బ్యాంకు ఖాతా నంబరునూ, పాస్‌వర్డులనూ, ప్రతిసారీ కొత్తగా వచ్చే 6 అంకెల ఓటీపీనీ ఇందులో కలపలేదు.

షోలాపూర్‌లో సాంచాల (మరమగ్గాల) మీద చద్దర్లు నేసే తండ్రికీ, బీడీలు చుట్టే తల్లికీ పుట్టిన అమ్మాయి డిగ్రీలో చేరితే, మొదటి ఏడాదిలోనే ఈ 75 గళ్లూ నింపాలి. ఒక్క గడి తప్పినా తెర మీద ఎర్ర అక్షరాల్లో ఇంగ్లీషు వాక్యం ఒకటి వస్తుంది. ఆ వాక్యానికి అర్థం చెప్పే మనిషి ఆ సమయంలో పక్కన ఉన్నారా లేదా అన్నదాని మీద చాలామంది పిల్లల చదువు ఆధారపడి ఉంది. ఈ కథనం ఆ మనిషి గురించి.

ముందు ఊరి సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం షోలాపూర్ నగర జనాభా 9,51,558. ఇక్కడ మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాల తరబడి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. జూనీ మిల్లు అని పిలుచుకునే ఆ పాత మిల్లు 1960ల్లో మూతపడింది. చేనేత మగ్గం పోయి మరమగ్గం వచ్చింది. భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపురీ చద్దరూ టవలూ ఈ వాడల్లోనే తయారవుతాయి. సాఖర్ పేట, భవానీ పేట, దాజీ పేట, అశోక్ చౌక్, అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడ, ఎక్కడికి వెళ్లినా మరాఠీ కలిసిన తెలంగాణ తెలుగు వినబడుతుంది. ఆడవాళ్లలో చాలామందికి బీడీ పనే ఆధారం. వాళ్ల కోసం కట్టిన 10 వేల ఇళ్ల కాలనీ 2006లో ప్రారంభమైంది. ఆ తర్వాత కుంభారి దగ్గర రాయ్‌నగర్‌లో 30 వేల ఇళ్ల పథకం వచ్చింది. అందులో 15 వేల ఇళ్లను 2024 జనవరి 19న లబ్ధిదారులకు ఇచ్చారు.

షోలాపూర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది 2004లో. అంతకుముందు ఇక్కడి కాలేజీలన్నీ కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2019లో దీనికి పుణ్యశ్లోక్ అహల్యాదేవి హోల్కర్ పేరు పెట్టారు. ఒక్క జిల్లా కోసమే ఉన్న విశ్వవిద్యాలయం ఇది. ఆ జిల్లా జనాభా 2011లోనే 43 లక్షలు దాటింది. విశ్వవిద్యాలయ ఆవరణ ఊరికి ఒక చివర, పుణే రోడ్డు మీద ఉంది. నేత వాడలు ఎక్కువగా రెండో చివర, అక్కల్‌కోట్, హైదరాబాద్ రోడ్ల వైపు ఉన్నాయి. కంప్యూటర్ తెర మీద సందేహం వచ్చిన పిల్ల ఊరు దాటి వెళ్లి అడగదు. వాడలోనే ఎవరినో అడుగుతుంది. అందుకే ఆవరణలో పెట్టిన సహాయ కేంద్రం ఎంత బాగున్నా సరిపోదు. పద్మశాలి శిక్షణ్ సంస్థ నడిపే బుర్ల మహిళా కాలేజీ లాంటివి వాడలకు దగ్గరగా ఉండటం ఇక్కడి అదృష్టం. సాయం అక్కడ మొదలవ్వాలి.

ఇప్పుడు ఈ కథలో అసలు సంఖ్య దగ్గరికి వద్దాం. అందరినీ ఏడిపించేది అదే: 256 కేబీ.

మహారాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పులకు చాలావరకు మహాడీబీటీ పోర్టల్లో దరఖాస్తు చేసుకోవాలి. అందులో ఎక్కించే ప్రతి పత్రం 15 కేబీకి తగ్గకుండా, 256 కేబీకి మించకుండా ఉండాలి. సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటో మామూలుగా 3, 4 ఎంబీ ఉంటుంది. ఒక ఎంబీ అంటే 1,024 కేబీ. 4 ఎంబీ అంటే 4,096. అంటే ఫోన్ తీసిన ఫొటో పోర్టల్ ఒప్పుకునే దానికన్నా 16 రెట్లు పెద్దది. పిల్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. ఫొటో ఫోన్లో చక్కగా కనిపిస్తోంది, పోర్టల్ మాత్రం వద్దంటోంది. పత్రంలోనే ఏదో తప్పుందని ఆమె అనుకుంటుంది. కొత్త ఆదాయ ధ్రువపత్రం కోసం ధ్రువపత్రాలిచ్చే సేతు కేంద్రానికి మళ్లీ వెళ్లేవాళ్లున్నారు. పత్రంలో ఏ లోపమూ లేదు. ఫొటో కాస్త పెద్దది, అంతే.

చిన్నది చేయడంలోనూ ఒక చిక్కుంది. మహారాష్ట్రలో పద్మశాలీలు ప్రత్యేక వెనుకబడిన తరగతి, ఎస్‌బీసీ కిందికి వస్తారు. దానికి 2 శాతం రిజర్వేషన్ ఉంది. కుల ధ్రువపత్రం కావాలంటే 1967 అక్టోబరు 13 నాటికే కుటుంబం మహారాష్ట్రలో ఉన్నట్టు ఆధారం చూపాలి. ఆ ఆధారం తరచుగా తాతగారి బడి దాఖలా. మడతలు పడి, పసుపెక్కి, సిరా వెలిసిన కాగితం. దాన్ని ఫొటో తీసి, ఎవరో చెప్పిన యాప్‌లో పెట్టి 20 కేబీకి కుదిస్తే తాత పేరే చెరిగిపోతుంది. దరఖాస్తు వెళ్తుంది, పరిశీలించే గుమస్తాకు అక్షరాలు కనబడవు, వెనక్కి వస్తుంది. అది వెనక్కి వచ్చిందన్న కబురు కూడా చాలాసార్లు పోర్టల్లోకి లాగిన్ అయి చూస్తేనే తెలుస్తుంది.

నిజానికి పరిష్కారం రెండు నిమిషాల పని. ఏ4 కాగితాన్ని అంగుళానికి 150 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 1,240 అడ్డం, 1,754 నిలువు చుక్కలు వస్తాయి. మొత్తం దాదాపు 22 లక్షలు. ఫోన్ కెమెరా తీసేది కోటీ 20 లక్షల చుక్కలు, అంటే చదవడానికి కావలసిన దానికి అయిదు రెట్లకు పైమాటే. కాబట్టి పత్రం చుట్టూ ఉన్న బల్లనూ, చాపనూ, చేతి వేళ్లనూ కత్తిరించి, రంగు తీసేసి నలుపు తెలుపు చేసి, అంగుళానికి 150 చుక్కల దగ్గర దాచుకుంటే అక్షరాలు నిలుస్తాయి, బరువు తగ్గుతుంది. ఇంకా బరువు ఎక్కువ ఉంటే కుదించి, 200 కేబీ దరిదాపుల్లో ఆపాలి, అక్కడి నుంచి కిందికి దిగొద్దు. ఇది ఒకసారి చేతితో చేయించి చూపిస్తే ఆ పిల్ల జీవితాంతం మరచిపోదు, తమ్ముడికీ తనే చేసిపెడుతుంది.

రెండో పెద్ద చిక్కు పేరు. తెలంగాణ అలవాటులో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. మహారాష్ట్రలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అని మూడు భాగాలు రాస్తారు. పదో తరగతి మార్కుల పత్రంలో ఇంటిపేరు ముందుకొస్తుంది. ఇంట్లో వెంకటేశ్, బడి రిజిస్టరులో వ్యంకటేశ్. శ్రీనివాస్ అనే పేరు ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒక కార్డులో ‘హెచ్’ ఉంటుంది, ఇంకొక దానిలో ఉండదు. ఒకచోట ‘వి’, ఇంకోచోట ‘డబ్ల్యూ’. లక్ష్మికి ‘కేఎస్‌హెచ్’ ఒకచోట, ‘ఎక్స్’ ఇంకోచోట. మనిషి చూస్తే రెండూ ఒకటే. కంప్యూటర్ అక్షరం అక్షరం పోల్చుతుంది, ఒక్కటి తేడా వచ్చినా ఇద్దరు మనుషులని తేలుస్తుంది.

ఈ తేడా ఇప్పుడు ముందుకన్నా ఎక్కువ బాధిస్తుంది. ఎందుకంటే క్రెడిట్లన్నీ 2021లో యూజీసీ నోటిఫై చేసిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమ అవుతాయి. యూజీసీ చట్రం ప్రకారం మొదటి ఏడాది సర్టిఫికెట్‌కు కనీసం 40 క్రెడిట్లు, మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. జమ అయిన క్రెడిట్ 7 ఏళ్లు చెల్లుతుంది. పెళ్లి వల్లో, పని వల్లో మధ్యలో చదువు ఆగిన అమ్మాయి మళ్లీ వచ్చి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. నేత వాడల ఆడపిల్లలకు ఇది నిజంగా అక్కరకొచ్చే ఏర్పాటు. కానీ ఆ ఖాతా ఆధార్‌లోని పేరుతో తెరుచుకుంటుంది. విశ్వవిద్యాలయం పంపే పేరు మార్కుల పత్రంలోది. రెండూ కలవకపోతే చదివిన చదువు ఖాతాలో పడదు. చేరిన వారంలోనే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోవాలి. తేడా ఉంటే ఆధార్ కేంద్రానికి వెళ్లడానికి అప్పుడు తీరిక ఉంటుంది. పరీక్ష ఫారం చివరి రోజున ఉండదు.

డబ్బు విషయంలో ఇంకో మాట. స్కాలర్‌షిప్ సొమ్ము ఖాతా నంబరును బట్టి కాక ఆధార్‌తో ముడిపడిన ఖాతాకు వస్తుంది. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే చివరిగా ముడిపెట్టిన ఖాతాలో పడుతుంది. డబ్బు రాలేదని పాత ఖాతా పాస్‌బుక్ పట్టుకుని తిరిగే కుటుంబాలకు ఈ ఒక్క వాక్యం చెబితే సగం తిరుగుడు తప్పుతుంది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే సాయం విడిగా ఉంది: ఇంటర్ స్థాయిలో ఏడాదికి 3,000 రూపాయలు, డిగ్రీకి 6,000, వృత్తి విద్యా కోర్సులకు 25,000. కుటుంబ ఆదాయం నెలకు 10,000 దాటకూడదు. తల్లి కనీసం ఆరు నెలలు బీడీ పనిలో ఉండి ఉండాలి. దీనికి దరఖాస్తు మహాడీబీటీలో కాదు, కేంద్ర స్కాలర్‌షిప్ పోర్టల్లో. రెండు పోర్టళ్లు, రెండు లాగిన్లు, రెండు గడువులు. ఎక్కడ ఏది అని చెప్పే మనిషి లేక 6,000 రూపాయలు వదులుకోవడం బీడీలు చుట్టే ఇంటికి చిన్న నష్టం కాదు.

పిల్లల చేతిలో పొద్దస్తమానం ఫోనే కదా, వాళ్లకు కంప్యూటర్ నేర్పాలా అని చాలామంది పెద్దలు అడుగుతారు. అంకెలు వేరే మాట చెబుతున్నాయి. 2024 మార్చిలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి వెలువరించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, మన యువతలో 75 శాతం మంది ఫైలు జతచేసి ఈమెయిల్ పంపలేరు. 60 శాతం మందికి ఫైలును ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేయడం రాదు. 90 శాతం మంది స్ప్రెడ్‌షీట్‌లో ఒక లెక్క సూత్రం పెట్టలేరు. అంతకుముందు 2017–18 జాతీయ నమూనా సర్వేలో, 15–29 ఏళ్ల వాళ్లలో కంప్యూటర్ వాడగలిగినవాళ్లు పల్లెల్లో 24 శాతం, పట్టణాల్లో 56 శాతం. ఇంట్లో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు దేశం మొత్తంలో 10.7 శాతం.

ఫోన్‌లో వీడియో చూడటానికి ఫైలు అంటే ఏమిటో తెలియనక్కరలేదు. కాలేజీ ల్యాబులో తెలియాలి. ఫోన్ ఫొటోను తనే దాచుకుంటుంది, తనే చూపిస్తుంది. కంప్యూటర్‌లో మాత్రం దించుకున్న హాల్‌టికెట్ ఒక ఫోల్డర్‌లోకి పోతుంది. ‘అక్కా, ఫైలు ఏడికి పోయింది?’ అన్నది ల్యాబుల్లో అన్నిటికన్నా ఎక్కువ వినబడే ప్రశ్న. అది తెలివితక్కువ ప్రశ్న కాదు, మూలం పట్టుకున్న ప్రశ్న. ఫైలుకు పేరుంటుంది, ఉండే చోటు ఉంటుంది, రకం ఉంటుంది, బరువు ఉంటుంది. ఈ నాలుగూ అర్థమైతే పోర్టల్లో వచ్చే ఎర్ర వాక్యాల్లో చాలావాటికి దారి దొరుకుతుంది.

పైగా భాష. మహారాష్ట్ర ఎస్ఎస్‌సీ పరీక్షను 8 మాధ్యమాల్లో రాయవచ్చు, వాటిలో తెలుగు ఒకటి. షోలాపూర్‌లో తెలుగు మీడియం బడులున్నాయి. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లకు ఆ తర్వాత ఎదురయ్యే పోర్టళ్లు మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. ఎంకేసీఎల్ వాళ్ల ఎంఎస్-సీఐటీ కోర్సు 2001 నుంచి కోటి మందికి పైగా కంప్యూటర్ ప్రాథమికాంశాలు నేర్పింది. గొప్ప పనే. కానీ ఈ పిల్ల మొదటిసారి మౌస్ పట్టుకున్నప్పుడు పక్కన తన భాషలో ఎవరైనా మాట్లాడితే భయం సగం తగ్గుతుంది.

అసలు ఈ వాడలకు యంత్రం కొత్త కాదు. చద్దరు మీద నెమలి, పువ్వు తేల్చే జకార్డు మగ్గాన్ని ఫ్రాన్స్‌లో 1804లో రూపొందించారు. అందులోని అట్టకు ఎక్కడ చిల్లు ఉందో, ఎక్కడ లేదో చూసి ఏ దారం లేవాలో మగ్గం తేల్చుకుంటుంది. ఛార్లెస్ బ్యాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ చిల్లుల అట్టలనే ఎంచుకున్నాడు. కంప్యూటర్ చరిత్ర పుస్తకాల్లో ఆ అట్టల మాట తరచుగా కనబడుతుంది. అట్టలు గుచ్చి, వరస తప్పిన అట్టను వేలితో పట్టుకునే తండ్రులున్న ఇళ్ల పిల్లలు వీళ్లు. వీళ్లకు కంప్యూటర్ రాదు అనడం నాకు ఎంతమాత్రం ఒప్పుకోవాలనిపించదు. వీళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చూపించలేదు, అంతే.

ప్రస్తుతానికి చూపించేది నెట్ సెంటరు. డబ్బు తీసుకుని ఫారం నింపిపెడతారు, పని అవుతుంది. కానీ కీబోర్డు వాళ్ల చేతిలోనే ఉంటుంది, పిల్ల వెనక నిలబడి చూస్తుంది. హడావిడిలో సెంటరు వాళ్ల ఈమెయిలే పెట్టేస్తారు, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటుంది. మర్నాడు మళ్లీ లాగిన్ కావాలంటే మళ్లీ అక్కడికే, మళ్లీ డబ్బు. ఇంకో ఇబ్బంది: ఆధార్‌తో కలిసిన సెల్ నాన్నది. ఓటీపీ ఆయన ఫోన్‌కు వస్తుంది, దాని ఆయుష్షు పది నిమిషాలు. సాంచాల చప్పుడులో ఫోన్ మోగినా వినబడదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సమస్యకు రెండు రకాలుగా జవాబు వెతికారు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ) మొదలైనప్పుడు పల్లె బడుల్లో పదో తరగతి పూర్తిచేసిన పిల్లలకు ఒక్కొక్కరికీ ల్యాప్‌టాప్ ఇచ్చి, దాని మీదే పాఠాలు చెప్పారు. 1994లో ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి దానికి మొదటి ఛాన్సలర్. పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ఏర్పాటు కాబట్టి రాత్రి పదింటికి సందేహం వచ్చినా పక్క మంచం మీద అడగడానికి ఒకరుండేవారు. తెలంగాణలో 2016లో దోస్త్ అనే ప్రవేశ పోర్టల్ వచ్చినప్పుడు డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌కు మారాయి. దాంతోపాటే కాలేజీల్లో సహాయ కేంద్రాలు పెట్టారు. మొదటిది పరికరం ఇచ్చింది, రెండోది మనిషిని పెట్టింది. షోలాపూర్‌కు రెండోది తక్కువ ఖర్చుతో, రేపటినుంచే వీలయ్యే పని.

కాలేజీలో ఒక సహాయ బల్ల పెడితే ఎంత మంది కావాలో లెక్క వేద్దాం. కొత్తగా 1,000 మంది చేరే కాలేజీ అనుకోండి. ఒక్కొక్కరికి అరగంట చొప్పున 500 గంటలు. పది మంది సీనియర్ విద్యార్థులు రోజుకు రెండేసి గంటలు, 25 రోజులు కూర్చుంటే సరిగ్గా 500. జీతాలకు నిధులు కావాలా? జాతీయ సేవా పథకం, ఎన్ఎస్ఎస్‌లో ఒక్కో వలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. అయిదుగురి గంటలు కలిపితే 600. కొత్త విద్యా విధానంలో సమాజ సేవకు ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. రెండు క్రెడిట్లకు 60. తొమ్మిది మంది ఆ రెండు క్రెడిట్లు ఈ బల్ల దగ్గర సంపాదించుకుంటే 540 గంటలు. మహారాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో భావూరావ్ పాటిల్ పేరు మీద నడిచే ‘కమవా, శికా’ (సంపాదించండి, నేర్చుకోండి) పథకంలో పెడితే సాయం చేసే పిల్లలకు నాలుగు డబ్బులు కూడా చేతికొస్తాయి. గంటలు ఇప్పటికే ఉన్నాయి. మొక్కలు నాటే పనిలో, ఊరేగింపుల్లో వాటిని ఖర్చు చేస్తున్నాం.

బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఒకే ఒక్క నియమం పెట్టాలి: మౌస్ ముట్టుకోకూడదు. ‘ఇటు ఇవ్వమ్మా, నేను చేస్తా’ అన్న క్షణంలో అది ఇంకో నెట్ సెంటరు అవుతుంది. వేలితో తెర మీద చూపించాలి, పిల్లే నొక్కాలి. తప్పు నొక్కితే నొక్కనివ్వాలి, వెనక్కి రావడం ఎలాగో చూపాలి. పాస్‌వర్డు ఆమే పెట్టుకోవాలి. పుస్తకంలో రాసుకోవద్దని భద్రతా నిపుణులు అంటారు కానీ, ఈ ఇళ్లలో పరాయి ఫోన్‌లోని వాట్సాప్ కన్నా అల్మరాలోని నోటు పుస్తకం నయమని నా ఉద్దేశం. ఆఖరున లాగౌట్ చేయించాలి. ల్యాబు కంప్యూటర్ తరవాత వచ్చేవాళ్లది కూడా.

తెలుగులో తమంతట తాము నేర్చుకునేందుకు ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ ఉంది. పది నిమిషాల చిన్న పాఠాలు, ఉచితం, తెలుగుతో సహా 22 భాషల్లో. లినక్స్, లిబ్రేఆఫీస్ పాఠాలు తెలుగులో ఉన్నాయి. తెరలో సగం పాఠం, సగం సాధన: విని, ఆపి, చేసి చూసుకోవాలి. ఈ పాఠాలను ల్యాబు కంప్యూటర్లలో ముందే దించిపెడితే ఇంటర్నెట్ పోయినా పని ఆగదు.

ఇది చదివేవాళ్లలో షోలాపూర్ కాలేజీల అధ్యాపకులుంటే, పద్మశాలి సంఘాల పెద్దలుంటే ఒక మనవి. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు రాగానే అడ్మిషన్ల హడావిడి మొదలవుతుంది. అప్పుడు ఎవరికీ నేర్పే ఓపిక ఉండదు. దానికి ముందే వాడలో ఒక గది చూడండి, రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, తెలుగు మాట్లాడే ఇద్దరు సీనియర్లు చాలు. గోడ మీద రెండు మాటలు రాయించండి: పత్రం 256 కేబీ దాటకూడదు, పేరు రెండు కాగితాల్లోనూ ఒకేలా ఉండాలి.